పేరులేని వైన్ సీసా బల్లార్షా ఎండకు నిలుస్తుందా?

మిల్లు కాలనీ:
వచ్చే నెల హైదరాబాదు నుంచి మా బావమరిది వస్తున్నాడు. సులా వాళ్ల షెనిన్ బ్లాంక్ (కాస్త తీపి తగిలే తెల్ల వైన్) తాగీ తాగీ ఇద్దరికీ మొహం మొత్తింది. అంతగా పేరు వినబడని తయారీదారులవి తెల్లది ఒకటి, ఎర్రది ఒకటి చెప్పండి. ఇంట్లో నాగపూర్ తరహా కారపు సావజీ మటన్, గోంగూర మాంసం రెండూ ఉంటాయి.

రాజురా మాస్టారు:
రెండూ ఒకే ఇంటివి చెబుతాను. నాసిక్ జిల్లా నిఫాడ్ దగ్గర రెవీలో అనే వైన్ తయారీ సంస్థ వాళ్లు సిసిలీ ద్వీపపు ద్రాక్షలు తెచ్చి నాటారు. తెల్లదానికి గ్రిల్లో, ఎర్రదానికి నీరో దావోలా. ఎండలో పుట్టి పెరిగిన రకాలు కాబట్టి అంత వేడిలోనూ పులుపు నిలుపుకుంటాయి. గోంగూర పక్కన పులుపు లేని వైన్ నీళ్లలా తేలిపోతుంది, గ్రిల్లో తేలిపోదు. మరో ఎర్రది కావాలంటే, హంపి కొండల దగ్గర చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతుల క్రస్మా తోట ఉంది. వాళ్ల సాంజోవేజే (ఇటలీ ఎర్రద్రాక్ష రకం) చూడండి. మనవాళ్లని కాదు, అందులోని పులుపు కోసం చెబుతున్నాను. సరే, కొంచెం మనవాళ్లని కూడా.

బొగ్గుబావి:
మాస్టారూ, మీ నాలుకను శంకించను. ఆ సీసా మన ఊళ్లో ఎన్నాళ్లుగా నిలబడి ఉందో ఆలోచించారా? 2015లో మన చంద్రపూర్ జిల్లాలో మద్యనిషేధం పెట్టారు, 2021లో ఎత్తేశారు. దుకాణాలు తెరిచాక బీరుకు ఫ్రిజ్‌లు వచ్చాయి, వైన్ మాత్రం రేకుల కింద అరల్లోనే ఉండిపోయింది. మే నెలలో 46 డిగ్రీలు! పేరున్నది చకచకా అమ్ముడుపోతుంది, పేరులేనిది రెండు వేసవులు చూస్తుంది. నిరుడు ఇలాగే ఒక అరుదైన తెల్లది తెచ్చుకున్నాను. పైతొడుగు తీస్తే బిరడా బియ్యపుగింజంత పైకి లేచి ఉంది, చుట్టూ జిగురు. గ్లాసులో పోస్తే పల్చటి టీ డికాక్షన్ రంగు, ఉడికిన ఆపిల్ వాసన. మొత్తం తూములో పోశాను. నా ఓటు సులాకే.

రాజురా మాస్టారు:
అది దుకాణం చేసిన పాపం, ద్రాక్షకెందుకు శిక్ష? లేబులు మీద పంట సంవత్సరం చూడండి. మన దగ్గర కోత జనవరి నుంచి మార్చి దాకా. తెల్లది రెండేళ్లు దాటితే ముట్టుకోకండి.

బొగ్గుబావి:
సంవత్సరం కనిపిస్తుంది, ఎండ కనిపించదు కదా! మొన్నటి పంటనైనా ఉడికించడానికి ఒక్క మే నెల చాలు.

సిరోంచ తమ్ముడు:
మా గడ్చిరోలిలో 1993 నుంచి నిషేధమే. మీరు సీసా వేడెక్కిందని తగువులాడుకుంటున్నారు, మాకు సీసాయే లేదు! అయినా పుణెలో చదువుకునే రోజుల్లో తెలిసిన మాట ఒకటి చెబుతాను. సావజీకి ఎర్రది వద్దు, అన్నా. ఆ కారం మీద వగరు పడితే నోరు ఇంకా మండుతుంది. బాగా చల్లబరిచిన, కాస్త తీపి తగిలే తెల్లదైతే హాయి.

మిల్లు కాలనీ:
అంటే తిప్పి తిప్పి నన్ను ఆ షెనిన్ దగ్గరికే తెచ్చారు!

రాజురా మాస్టారు:
సావజీ పూటకు అదే కానివ్వండి. గోంగూర పూటకు గ్రిల్లో. ఎర్రది తీసుకుంటే అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. గది వేడిలో తాగాలని రాసినవాళ్లు మన గదులు చూడలేదు.

మిల్లు కాలనీ:
గ్రిల్లో నాగపూర్‌లో వెతుకుతాను. ఏసీ ఉన్న దుకాణమైతేనే కొంటాను.

బొగ్గుబావి:
కొన్నాక డిక్కీలో పడేయకండి. ముందు సీటులో కాళ్ల దగ్గర, ఏసీ గాలి తగిలేచోట పెట్టుకోండి. దారిలో భోజనానికి దిగితే సీసానూ దింపండి.