మందుతో వచ్చిన దైవానుభవం నిజమైనదేనా?

ప్రశ్న:
1962 గుడ్ ఫ్రైడే రోజు బోస్టన్ యూనివర్సిటీ మార్ష్ చాపెల్లో జరిగిన ప్రయోగం గురించి చదివా. వాల్టర్ పాంకే అనే డాక్టర్, మత విద్య చదివే 20 మంది కుర్రాళ్ళని తీసుకుని సగం మందికి సైలోసిబిన్ (కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే మందు), మిగతా వాళ్ళకి నియాసిన్ (మామూలు బి3 విటమిన్) ఇచ్చి, పైన ఆ చాపెల్ మతాధికారి హోవర్డ్ థర్మన్ చెప్తున్న ప్రసంగాన్ని కింద గదిలో స్పీకర్లలో వినిపించారంట. సైలోసిబిన్ పడ్డవాళ్ళలో చాలామంది గాఢమైన దైవానుభవం కలిగిందన్నారు. మా అమ్మమ్మ జీవితమంతా తెల్లారుజామునే లేచి జపం చేసింది, ఏనాడూ అలాంటిది చెప్పలేదు. గోలీతో వచ్చేదైతే ఆవిడ సాధనకి అర్థమేంటి? నిజంగానే మనసు తొలిచేస్తోందండీ.

జవాబు 1:
గోలీ ఒక్కటే కాదు బ్రో. నియాసిన్ పడ్డవాళ్ళకి మొహం ఎర్రబడి ఒళ్ళు చురచురమనేసరికి అసలు మందు మాకే పడిందని మొదట్లో అనుకున్నారు, కాసేపటికి పక్కవాళ్ళని చూస్తే తేలిపోయింది. కానీ వాళ్ళంతా దేవుడి కోసం చదువుకుంటున్నవాళ్ళు, రోజేమో గుడ్ ఫ్రైడే, చెవిలో థర్మన్ గొంతు. 2006లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్ళు సైలోసిబిన్‌తోనే 36 మందితో చేసినప్పుడు కూడా ముందు గంటల తరబడి మాట్లాడి, కళ్ళకి గంతలు కట్టి, సంగీతం పెట్టి, పక్కనే మనుషుల్ని కూర్చోబెట్టారు. దాదాపు మూడింట రెండొంతుల మంది తమ జీవితంలో అతి ముఖ్యమైన ఐదు అనుభవాల్లో అదొకటన్నారు. పార్టీలో వేసుకుంటే ఇదే వస్తుందని నేను నమ్మను.

జవాబు 2:
పతంజలి యోగసూత్రాల్లో కైవల్యపాదం మొదటి సూత్రం చూడండి: సిద్ధులు పుట్టుకతో, ఓషధితో, మంత్రంతో, తపస్సుతో, సమాధితో వస్తాయంటాడు. ఓషధిని ఆయన కొట్టిపారేయలేదు. అయితే అంతకుముందు విభూతిపాదంలో ఇవే సిద్ధులు సమాధికి అడ్డమని కూడా చెప్పేశాడు. మీ అమ్మమ్మగారు ఏదో కనపడాలని జపం చేసుండరు కదండీ, ఆవిడ సాధనని ఆ కొలతతో కొలవొద్దు, ప్లీజ్.

జవాబు 3:
ఒక ముక్క ఎవరూ చెప్పట్లేదు. పాంకే తన థీసిస్‌లో రాయకుండా వదిలేసింది 1991లో ఆ కుర్రాళ్ళని మళ్ళీ వెతికి మాట్లాడిన పరిశోధకుడు రిక్ డాబ్లిన్ బయటపెట్టాడు. దేవుడి సందేశం లోకానికి ఇప్పుడే చెప్పాలని ఒక కుర్రాడు చాపెల్ నుంచి రోడ్డు మీదికి వెళ్ళిపోతే పట్టుకొచ్చి థొరాజిన్ (మనసుని శాంతపరిచే మందు) ఇంజెక్షన్ చేయాల్సొచ్చింది. పాతికేళ్ళ తర్వాత కూడా అది నిజమైన అనుభవమేనన్నవాళ్ళున్నారు, వాళ్ళని నేను నమ్ముతా, కానీ వాళ్ళలో చాలామంది భయంలో కూడా ఇరుక్కున్నామని చెప్పిన మాట కూడా అంతే నమ్ముతా. మా ఇంట్లో బైపోలార్ అనే మానసిక జబ్బు ఉంది, ఆ రాత్రులెలా ఉంటాయో చూశా. ఇంట్లో అలాంటి హిస్టరీ ఉన్నవాళ్ళు దీని జోలికి పోవద్దు. పైగా మన దగ్గర 1985 ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నిరోధక) చట్టం కింద సైలోసిబిన్, అలాంటిదే అయిన ఎల్‌ఎస్‌డీ దగ్గర పెట్టుకున్నా నేరమే.