పరుగు పెద్దగా లేని టామ్ అండ్ జెర్రీ ఇంత నవ్వు ఎలా తెప్పిస్తుంది?

ప్రశ్న:
‘ద క్యాట్ కన్సర్టో’ (1947) చూశారా? టామ్ పొడుగు కోటు వేసుకుని స్టేజీ మీద పియానో వాయిస్తుంటాడు, జెర్రీ ఆ పియానో లోపలే పడుకుని ఉంటాడు, నిద్ర చెడిందని గొడవ మొదలు. మామూలుగా అయితే ఇల్లంతా ఉరుకులు, పింగాణీ పగలడం, బుల్‌డాగ్ రావడం ఉంటాయి కదా, ఇందులో టామ్ కూర్చున్న చోటు వదలడం తక్కువే. అయినా మా ఆరేళ్ల పాప మిగతావన్నీ పక్కన పెట్టి ఇదే మళ్లీ మళ్లీ పెట్టమంటోంది, నాకూ ఇదే ఎక్కువ ఇష్టం. ఎందుకంటారు? చిన్నప్పటి జ్ఞాపకాలు అనకండి, పాపకి అవేం లేవు.

జవాబు:
పరుగు ఉందండి, అది సంగీతంలో ఉంది. టామ్ వాయించేది ఫ్రాంజ్ లిస్ట్ అనే సంగీతకర్త రాసిన హంగేరియన్ రాప్సొడీ నంబర్ 2, 1847 నాటిది. ముందు సగం నెమ్మదిగా, బరువుగా నడుస్తుంది, రెండో సగం వేగం పెంచుకుంటూ పోయి చివరికి వేళ్లకి ఊపిరాడనివ్వదు. వీళ్ల గొడవ కూడా అచ్చం అలాగే ముదురుతుంది. మొదట్లో టామ్ వేలితో ఒక్కటి తగిలించి ఊరుకుంటాడు, పోనుపోను జెర్రీ పియానో మీటల మధ్య ఎలుకల ఉచ్చు పెట్టేదాకా వస్తాడు. ఆ ఉచ్చు కూడా తాళం తప్పకుండా పడుతుంది! నేను కీబోర్డు నేర్చుకుంటున్నాను కాబట్టి టామ్ వేళ్లే చూస్తుంటాను, వినిపించే స్వరం దగ్గరికే వెళ్తుంటాయి, చేతితో గీసే రోజుల్లో అది ఎంత ఓపికో. దీన్ని తీసిన హానా, బార్బెరా, సంగీతం చూసిన స్కాట్ బ్రాడ్లీ, ముగ్గురికీ దణ్ణం పెట్టాలి.

జవాబు:
పైన చెప్పింది నిజమే కానీ సంగీతం ఒక్కటే కాదు. అదే సమయంలో వార్నర్ బ్రదర్స్ వాళ్లు బగ్స్ బన్నీ అనే కుందేలుతో ‘రాప్సొడీ రాబిట్’ (1946) తీశారు, అదే లిస్ట్, అదే పియానో, అందులోనూ ఎలుక ఉంది, ఎవరు ఎవరిది కాపీ కొట్టారని రెండు స్టూడియోల మధ్య తగాదా కూడా నడిచింది. రెండూ వరసగా చూడండి, తేడా తెలుస్తుంది. బగ్స్‌కి జనమంటే లెక్కలేదు, దగ్గినవాడిని తుపాకీతో కాల్చేస్తాడు. టామ్ అలా చేయలేడు. నిండు సభ ముందు కూర్చున్నాడు, కచేరీ మధ్యలో లేచి ఎలుకని తరిమితే పరువేం కావాలి? అందుకే చేతులు వాయిస్తూనే ఉండాలి, కోపం మొహం మీదకి రాకూడదు, జెర్రీని పట్టుకోవడానికి చేతులు కావాలంటే కాలి వేళ్లతో వాయించాలి. నా దృష్టిలో నవ్వంతా అక్కడే పుడుతుంది. పెళ్లిలో పీటల మీద కూర్చున్న పెళ్లికొడుకుని చీమ కుడితే ఎలా ఉంటుందో అలా. పాపకి లిస్ట్ ఎవరో తెలియకపోయినా, పెద్దవాళ్ల మధ్య కదలకుండా కూర్చోవడం ఎంత కష్టమో బాగా తెలుసు కదా.

జవాబు:
నాకు మాత్రం చివర్లో నవ్వు కంటే జాలి ఎక్కువ. ఈసారి టామ్ వేటకి రాలేదు, తన పని తాను చేసుకోవడానికి వచ్చాడు, కళ్లు మూసుకుని ఎంత హుందాగా మొదలుపెడతాడో! పాట అయిపోయిందనుకునేసరికి జెర్రీ లోపల్నించి మళ్లీ అందుకుంటాడు, పాపం టామ్ కూడా అందుకోక తప్పదు, చివరికి చతికిలపడిపోతే చప్పట్లు, లైటు జెర్రీకి. ఇంట్లో తిండి కోసం దెబ్బలాడుకునే కథల్లో జెర్రీ వైపు ఉంటాను, ఇందులో ఉండలేను. అయినా మళ్లీ చూస్తాను, ఈసారైనా టామ్‌ని వాయించనిస్తే బాగుండు అనిపిస్తుంది. దీనికి ఆస్కార్ ఇచ్చినవాళ్లు టామ్ నటనకే ఇచ్చారని నా గట్టి నమ్మకం.

ప్రశ్న అడిగినవారు:
సభ ముందు కదలలేకపోవడం అన్న మాట భలే పట్టారండి, పాప సరిగ్గా టామ్ కోపం బిగబట్టి వాయించే చోటే పగలబడి నవ్వుతుంది. ఇలాంటిదే ఇంకోటి ఉంటే చెప్పండి, రేపు ఆదివారం.

జవాబు:
‘జొహాన్ మౌస్’ పెట్టండి. దానికీ ఆస్కార్ వచ్చింది. వియన్నాలో స్ట్రాస్ అనే సంగీతకర్త ఇంట్లో ఉంటారు ఇద్దరూ, ఆయన వాయించే వాల్ట్జ్ (ఒక రకం నాట్య సంగీతం) వినపడితే ఎలుక కన్నంలోంచి బయటికొచ్చి డాన్స్ చేస్తుంది, స్ట్రాస్ ఊరెళ్లాక దాన్ని బయటికి రప్పించడానికి టామ్ తనే పియానో నేర్చుకుంటాడు. వాయిస్తే పట్టుకోలేడు, ఆపితే అది లోపలికి పోతుంది. పాపకి కథ చెప్పేయకుండా చూపించండి.