‘ఇనెవిటబ్లీ’కి వాడుక తెలుగులో ఏం రాయాలి?

విశాఖలో తొమ్మిదో తరగతి పిల్లల కోసం ఇంగ్లీషు పాఠాలు తెలుగు చేస్తున్నాను. రెండు రోజులుగా ‘ఇనెవిటబ్లీ’ దగ్గరే ఆగిపోయాను. ‘తప్పకుండా’ అని రాస్తే మాట ఇచ్చినట్టుంది, తప్పకుండా వస్తానండీ అంటాం కదా. ‘తప్పనిసరిగా’ అంటే రూల్‌లా ఉంది. ‘అనివార్యంగా’ అర్థానికి సరిపోతుంది గానీ పిల్లల నోట పలకదు.

‘పెద్ద తుపాను వస్తే బీచ్ రోడ్డు పక్కన ఇసుక ఇనెవిటబ్లీ కోసుకుపోతుంది’ అన్నచోట ‘కోసుకుపోక మానదు’ చక్కగా కుదిరింది. చిక్కల్లా ఆ మాట కామాతో వాక్యం మొదట్లో వచ్చినప్పుడే: ‘ఇనెవిటబ్లీ, కొన్ని రైళ్లు ఆలస్యమయ్యాయి.’ జరిగిపోయిన సంగతి కాబట్టి ‘మానదు’ పనికిరాదు. ‘ఆలస్యం కాక తప్పలేదు’ అంటే ఎవరో బలవంతపెట్టినట్టుంది. ‘ఎప్పటిలాగే, అనుకున్నట్టే’ అనే ఛాయ కూడా రావాలి.

ఈ రైళ్ల వాక్యాన్ని మీరైతే తెలుగులో ఎలా రాస్తారు?