ట్రాక్ సా: రెండు 1400 రైల్స్ కలపాలా, ఒకే 3000 రైల్ కొనాలా?

అందరికీ నమస్కారం. ఇంట్లో వార్డ్‌రోబ్‌లు నేనే చేసుకుందామని మకిటా ఎస్‌పీ6000 ట్రాక్ సా (గైడ్ రైల్ అనే పొడవాటి పట్టీ మీద జారుతూ తిన్నగా కోసే కరెంటు రంపం) కొనబోతున్నాను. టేబుల్ సా పెట్టే చోటు మా ఫ్లాట్‌లో లేదు.

చిక్కంతా గైడ్ రైల్ దగ్గరే. 8x4 ప్లైవుడ్ షీటు పొడవు 2440 మి.మీ. రంపం షీటు మీదికి ఎక్కక ముందు, దిగాక ఆనడానికి రెండు వైపులా ఇంకాస్త రైల్ ఉండాలి కదా. 3000 మి.మీ. రైల్ అయితే హాయే, కానీ మా లిఫ్ట్‌లో పట్టదు. రెండు 1400లు కలిపితే 2800 వస్తుంది. సరిపోతుందా? కనెక్టర్ల స్క్రూలు బిగించేటప్పుడు అతుకు దగ్గర రైల్ వంకర పోకుండా మీరేం చేస్తారు? స్పిరిట్ లెవెల్ అంచు ఆనించి చూసుకుంటే చాలా?

ఇంకొకటి. మైకా అంటించిన షీటుకి ముందు 2-3 మి.మీ. లోతు గీత కోసి, తర్వాత పూర్తిగా కోస్తే అంచు పెచ్చులు లేవదంటున్నారు. 48 పళ్ల బ్లేడు పెట్టినా ఇలా రెండుసార్లు కోయాల్సిందేనా? కింద థర్మోకోల్ పరుద్దామనుకుంటున్నా.

షీటు మీద అల్యూమినియం చానెల్ క్లాంప్ చేసుకుని, దాని అంచు వెంట మామూలు సర్క్యులర్ సా నడిపితే పనైపోతుందని మా కార్పెంటర్ అంటున్నాడు. ఆయన మాటా కొట్టిపారేయలేను. రెండూ వాడినవాళ్లు కాస్త చెప్పండి.