ఎఫ్2 కొడితే స్క్రీన్ మసకబారుతోంది! చిన్న ల్యాప్‌టాప్ కీబోర్డులతో మీరెలా నెగ్గుకొస్తున్నారు?

లెక్కల_మాస్టారు:
కొత్తగా 13 అంగుళాల ల్యాప్‌టాప్ కొన్నాను. ఎక్సెల్ గడిలో ఏదైనా దిద్దాలంటే ఎఫ్2 కొట్టడం నాకు పాత అలవాటు. ఇందులో కొట్టిన ప్రతిసారీ వెలుతురు ఓ మెట్టు తగ్గుతోంది. హోమ్, ఎండ్ కీలైతే అసలే లేవు. ఎక్కడ దాచారండీ?

పైరగాలి:
బాణం కీల్లోనే దాచారు మాస్టారూ. చాలా వాటిల్లో ఎఫ్ఎన్ (Fn అని రాసిన కీ) పట్టుకుని ఎడమ బాణం నొక్కితే హోమ్, కుడిది ఎండ్, పైది పేజ్ అప్, కిందది పేజ్ డౌన్. షీట్ మొదటికి పోవాలంటే కంట్రోల్, ఎఫ్ఎన్, ఎడమ బాణం మూడూ కలిపి నొక్కాలి. వేళ్లు కాస్త మెలిక పడతాయి, రెండు రోజుల్లో అలవాటైపోతుంది. ఎఫ్2 కోసం ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి ఒకసారి కొట్టండి, పై వరుస కీలు వెలుతురు, సౌండ్ మార్చడం మాని మామూలు ఎఫ్ కీల్లా పనిచేస్తాయి. ఎస్కేప్ మీద చిన్న తాళం బొమ్మ ఉంటే పని అయిపోయినట్టే.

రాత్రిడ్యూటీ:
నా బాధ వేరు. నాది పాత థింక్‌ప్యాడ్. ఎడమ చివర కంట్రోల్ ఉండాల్సిన చోట ఎఫ్ఎన్ ఉంది. కాపీ చేశాననుకుంటాను, పేస్ట్ చేస్తే ఎప్పటిదో పాత ముక్క వస్తుంది. కీల పని మార్చే పవర్‌టాయ్స్ అనే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్‌లో మారుద్దామంటే అది ఎఫ్ఎన్‌ను గుర్తించనే లేదు.

పైరగాలి:
గుర్తించదు బ్రో. షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్ నొక్కితే ఆ సంగతి విండోస్‌కు చేరుతుంది. ఎఫ్ఎన్ మాత్రం చాలా ల్యాప్‌టాప్‌లలో బోర్డు మీదున్న చిన్న కంట్రోలర్ దగ్గరే ఆగిపోతుంది. ఎఫ్ఎన్‌తో ఎడమ బాణం నొక్కావనుకో, విండోస్‌కు 'హోమ్ నొక్కారు' అన్న కబురు ఒక్కటే అందుతుంది. అందుకే మార్పు బయాస్‌లో, అంటే విండోస్ మొదలవ్వకముందే తెరుచుకునే సెట్టింగుల్లో, చేయాలి. థింక్‌ప్యాడ్ బయాస్‌లో కీబోర్డు సెట్టింగుల్లోకి వెళ్తే ఎఫ్ఎన్, కంట్రోల్ తారుమారు చేసే ఆప్షన్ ఉంటుంది. కీల మీద అచ్చు మాత్రం అలాగే ఉంటుంది, ఇంట్లో వేరేవాళ్లు వాడితే తిట్టుకుంటారు.

కుమార్_కాకినాడ:
నాదీ రాసుకోండి. పాత మినీ ల్యాప్‌టాప్‌లో ఓ పొద్దున లాగిన్ అవ్వట్లేదు. పాస్‌వర్డ్ చుక్కలే కదా, ఏం పడుతోందో తెలీదు. యూజర్ పేరు పెట్టెలో చిన్న అక్షరాల్లో కుమార్ అని ఇంగ్లిష్‌లో కొడితే 240 పడి, తర్వాత ఏ, ఆర్ వచ్చాయి! కొన్ని అక్షరాల కీలను అంకెలుగా మార్చే నమ్ లాక్ ఆన్ అయి ఉంది. అలాంటి వాటిలో కె 2 అవుతుంది, యు 4, ఎం 0. అరగంట టెన్షన్ పడ్డాక ఎఫ్ఎన్ పట్టుకుని నమ్ లాక్ తీసేశాను.

మ్యాక్_పిన్ని:
మ్యాక్‌బుక్‌లో డిలీట్ అని రాసిన కీ వెనక్కి చెరుపుతుంది. కర్సర్‌కు కుడివైపున్న అక్షరం పోవాలంటే ఎఫ్ఎన్ పట్టుకుని అదే కీ నొక్కాలి. నాకిది తెలియడానికి ఏడాది పట్టింది, నవ్వకండి.

లెక్కల_మాస్టారు:
ఎఫ్ఎన్, ఎస్కేప్ పనిచేసింది పైరగాలి గారూ! ఎఫ్2 దారికొచ్చింది. ఇప్పుడు సౌండ్ తగ్గించాలంటే ఎఫ్ఎన్ పట్టుకోవాల్సి వస్తోంది. మా ఆవిడ సీరియల్ చూసేదీ ఇందులోనే, ఆవిడకింకా చెప్పలేదు.