ఎఫ్‌ఎస్‌హెచ్ నార్మల్, నిద్ర మాత్రం లేదు: ముందు హార్మోన్‌కా, నిద్రకా వైద్యం?

నిద్రగన్నేరు:
వయసు 47 అనుకోండి. నెలసరి ఒకసారి 24 రోజులకు, ఇంకోసారి 40 రోజులకు. పడుకోగానే నిద్ర పడుతుంది, మూడింటికి ఒళ్లు వేడెక్కి మెలకువ వస్తుంది, ఇక పట్టదు. పగలంతా చిరాకు, ఊరికే ఏడుపు. అండాశయాన్ని నడిపే హార్మోన్ ఎఫ్‌ఎస్‌హెచ్ రక్తపరీక్షలో నార్మల్ అని రిపోర్టు. ముందు హార్మోన్ మందులా, మందుల్లేకుండా అలవాట్లు, ఆలోచనలు మార్చి నిద్ర పట్టించే సీబీటీ-ఐ నా?

లెక్కలమాస్టారు:
రిపోర్టు నార్మల్ అన్నాక హార్మోన్ ఖాతాలో వేయడం దేనికండీ? సీబీటీ-ఐ మొదలుపెట్టాలి. రెండు వారాలు డైరీ రాయాలి. సగటు నిద్ర ఐదున్నర గంటలే అయితే మంచం మీద ఉండేదీ ఐదున్నరే. ఆరింటికి లేవాలంటే పన్నెండున్నరకు ముందు నడుం వాల్చకూడదు. మంచం మీదున్న సమయంలో 85 శాతం నిద్రే అయిన వారం నుంచి పావుగంట చొప్పున పెంచుకోవాలి. ఐదు గంటల కన్నా తగ్గించకూడదు. మొదటి వారం పగలు ఇంకా నీరసంగా ఉంటుంది, చాలామంది నాలుగో రోజే వదిలేసేది అందుకే. మూర్ఛ, బైపోలార్ ఉన్నవాళ్లు మాత్రం సొంతంగా చేయొద్దు.

వేకువచుక్క:
ఆ ఒక్క కాగితం పట్టుకుని కూర్చున్నారేంటండీ! నెలసరి ఆగిపోయే ముందు వచ్చే ఈ దశలో ఎఫ్‌ఎస్‌హెచ్ ఈ నెల ఒకలా, వచ్చే నెల ఇంకోలా ఉంటుంది. 45 దాటినవాళ్లకు లక్షణాలు చూసి చెప్పాలి, ఆ పరీక్ష వద్దు అని బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ నైస్ 2015 లోనే అంది. వరస నెలసరుల మధ్య ఏడు రోజులు, అంతకు మించి తేడా పదేపదే వస్తుంటే మెనోపాజ్ వైపు పరివర్తన మొదలైనట్టే. ఇక్కడ తేడా 16.

అండం విడుదల కాని నెలల్లో ముందు పడిపోయేది ప్రొజెస్టరాన్. దాని నుంచి తయారయ్యే అల్లోప్రెగ్ననలోన్ మెదడును శాంతపరిచే గాబా వ్యవస్థ మీద పనిచేసి జోకొడుతుంది. అదీ తగ్గి, ఈస్ట్రోజెనూ ఊగిసలాడితే ఒంటి వేడి రవ్వంత పెరిగినా మెదడు చెమట పట్టిస్తుంది. దీనికి పడుకునే టైము మారిస్తే ఏమవుతుంది?

పక్కబెంచి:
రాత్రి మూడింటికి ఈ థ్రెడ్ చదివేవాళ్లు చెయ్యెత్తండి.

లెక్కలమాస్టారు:
పనికిరాని పరీక్షయితే ఎందుకు రాస్తున్నారు మరి? అది చెప్పండి ముందు.

వేకువచుక్క:
నలభై లోపే నెలసరి ఆగితే అవసరం కాబట్టి. 47కి కాదు.

మందులచీటీ:
ఇద్దరూ ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్ ఊసే ఎత్తలేదు. ఈ దశలో రక్తస్రావం ఎక్కువై ఐరన్ పడిపోతుంది. రాత్రి కాళ్లు లాగేస్తుండి, ఫెరిటిన్ 75 లోపు ఉంటే ముందు ఐరన్. గురక ఉంటే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగడం, ఉందేమో చూడాలి, నిద్రమాత్ర దాన్ని ముదరబెట్టొచ్చు.

హార్మోనే అయితే, గర్భసంచి ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్ ప్యాచ్ ఒక్కటే వేయకూడదు, లోపలి పొర మందమవుతుంది. తోడుగా మైక్రోనైజ్డ్ ప్రొజెస్టరాన్, మత్తు తెస్తుంది కాబట్టి పడుకునే ముందే. నెలసరి ఇంకా వస్తుంటే సాధారణంగా నెలకు 12 రోజులు 200 మిల్లీగ్రాములు. రోజూ 100 వేస్తే ఈ దశలో వేళాపాళా లేని మరకలు కనిపిస్తాయి, భయపడి మొత్తం మానేస్తారు.

లెక్కలమాస్టారు:
ఈ హార్మోన్ మందుల మీద జరిపి 2002లో ఆపేసిన అమెరికా ట్రయల్ మరిచిపోయారా? రొమ్ము క్యాన్సర్?

వేకువచుక్క:
మరిచిపోలేదు. అందులోవాళ్ల సగటు వయసు 63. ఇచ్చింది నోటి మాత్ర, మెడ్రాక్సీప్రొజెస్టరాన్ అనే కృత్రిమ హార్మోన్‌తో కలిపి. చర్మం మీద ప్యాచ్ కాదు. రిస్కు సున్నా అని నేననలేదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు హార్మోన్ వద్దు. వాళ్లలోనూ రొమ్ము క్యాన్సర్ మందు టామోక్సిఫెన్ వాడేవాళ్లకు ఒంటి వేడి ఆవిర్ల కోసం డిప్రెషన్ మందు పారోక్సెటిన్ రాయకూడదు, టామోక్సిఫెన్ పనిని అది తగ్గిస్తుంది. అదే రకం మందు వెన్లాఫాక్సిన్ నయం.

లెక్కలమాస్టారు:
ప్రతి కన్నీటి చుక్కకూ ప్యాచ్ అంటిస్తూ పోండి ఇక!

వేకువచుక్క:
మీరేమో ఎప్పుడు పడుకోవాలో గంట కొట్టి చెప్పండి! నలభైల్లో ఆడమనిషి నిద్ర లేదంటే ముందు వచ్చే మాట "టెన్షన్ తగ్గించుకోమ్మా", తర్వాత ఆందోళన తగ్గించే ఆల్ప్రజోలామ్ చీటీ. మీ సీబీటీ-ఐ మంచిదే. కానీ ముందు అదే అంటే "నీ అలవాట్లే బాగాలేవు" అన్నట్టు వినిపిస్తుంది. నా కోపం దాని మీద.

లెక్కలమాస్టారు:
అది ముందే అనొచ్చుగా. నా భయం ఇంకోటి. ప్యాచ్ వేశాక మనసు గురించి ఎవరూ మళ్లీ అడగరు. ఒకప్పుడు డిప్రెషన్ వచ్చినవాళ్లకు అది తిరగబెట్టే కాలం ఇది. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ప్యాచ్ పని చేసేదాకా ఆగుతామా?

వేకువచుక్క:
ఆగం. అందులో వాదనేముంది?

మందులచీటీ:
నిద్రగన్నేరు గారూ, డైరీలో మెలకువ వచ్చిన టైము పక్కన "వేడి ఉంది/లేదు" అని ఒక గడి పెట్టండి. చెమట ముందా మెలకువ ముందా అన్నది నిద్రమత్తులో తేలదు, దాని జోలికి పోకండి. ఎక్కువ రాత్రులు వేడి ఉంటే హార్మోన్ మాట డాక్టరు దగ్గర ముందు ఎత్తండి. వేడి లేకుండా మనసే పరుగెడుతుంటే మాస్టారి పద్ధతి. రెండూ కలిపి మొదలుపెట్టినా ఒకదానికొకటి అడ్డం రావు.

నిద్రగన్నేరు:
రెండు వారాలు చాలా?

మందులచీటీ:
నెలసరి తేదీలతో సహా రెండు సైకిళ్లు రాయండి. చిరాకు ఏ రోజుల్లో ముదురుతుందో అప్పుడు తెలుస్తుంది.

లెక్కలమాస్టారు:
ఎఫ్‌ఎస్‌హెచ్‌కి గడి వద్దంటారా?

వేకువచుక్క:
వద్దు మాస్టారూ.