కిటికీ పైన బల్లపరుపు ఇటుక కమాను దిగింది, సిమెంట్ పెట్టించవచ్చా?

రీడింగ్ ఇల్లు (ప్రశ్న)
నమస్కారమండీ. ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో 1890ల నాటి వరుస ఇల్లు ఇది. ముందు కిటికీ వెడల్పు 900 మి.మీ. దాని పైన ఎర్ర ఇటుకల బల్లపరుపు కమాను ఉంది. ఎత్తు 300 మి.మీ., సందులు దారమంత సన్నం. నడిమి మూడు ఇటుకలు 8 మి.మీ. కిందికి జారాయి. కుడి మూల నుంచి పైకి మెట్లుమెట్లుగా పగులు పాకింది. పాత చెక్క కిటికీ తీసి ప్లాస్టిక్ ఫ్రేము పెట్టి మూడేళ్లయింది. గ్రైండర్‌తో సందులు కోసి సిమెంట్ నింపితే చాలంటున్నారు. సరైనదేనా?

సున్నం పని (జవాబు)
వద్దండీ. ఆ సన్నని సందు 1 నుంచి 3 మి.మీ. మాత్రమే. మాలు (ఇటుకల్ని అతికించే ముద్ద) తీసే బ్లేడు దానికంటే మందం. అది తినేది మాలును కాదు, ఇటుక అంచును. అంచు పోతే తిరిగి రాదు.

ఆ ఇటుకల్ని ఇంగ్లండ్‌లో రబ్బర్లు అంటారు. వడకట్టిన మెత్తని మట్టి, ఇసుకతో చేసి తక్కువ వేడిలో కాల్చినవి. గోటితో గీస్తే ఎర్రటి పొడి రాలుతుంది. రాయి మీద అరగదీసి ఒక్కోదాన్నీ కొలతకు తెచ్చి, నీళ్లలో నానబెట్టి, అడుగును సున్నపు ముద్దలో ముంచి పక్కదానికి ఆనించి నొక్కుతారు. ఈ పనితనం 17వ శతాబ్దంలో నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. లండన్‌లోని 1631 నాటి క్యూ ప్యాలెస్ గోడల్లో, 1689 తర్వాత వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ కట్టిన హాంప్టన్ కోర్ట్ రాజభవనం భాగంలో చూడండి.

ఇంత మెత్తని ఇటుక చుట్టూ సిమెంట్ పెడితే గోడలోని తడి సందుల్లోంచి బయటికి పోలేదు, ఇటుకలోంచే పోవాలి. చలికాలంలో ఆ తడి గడ్డకట్టి ఇటుక ముఖాన్ని పెచ్చులుగా ఊడదీస్తుంది.

గోడల లెక్క (జవాబు)
సందుల కంటే ముందు కారణం వెతకండి. కమాను ఊరికే దిగదు. అటూఇటూ ఆనుకున్న గోడ పక్కకు జరిగి ఉండాలి, లేదా వెనక ఆధారం పోయి ఉండాలి. మీ గోడ మందం 9 అంగుళాలైతే బయటి సగమే కమాను, లోపలి సగాన్ని చెక్క లింటల్ (కిటికీ పైన అడ్డంగా పెట్టిన దూలం) మోస్తుంది. పాత కిటికీ చట్రం కూడా ఆ బరువులో కొంత పంచుకుంటూ ఉంటుంది. దాన్ని ప్రాప్ (తాత్కాలిక ఊతకర్ర) పెట్టకుండా తీసి, బరువు మోయని ప్లాస్టిక్ ఫ్రేము పెడితే ఇలాగే జరుగుతుంది. లోపలి ప్లాస్టర్ కొంచెం తీసి లింటల్ చెక్క పుచ్చిందేమో రెండు చివరలా స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. పగులు పెరుగుతోందేమో చూపే గేజ్‌ను దాని మీద అతికించి కొన్ని నెలలు కొలవండి.

రీడింగ్ ఇల్లు
కుడి చివర స్క్రూడ్రైవర్ 30 మి.మీ. దిగిపోయింది. కమాను విప్పి కట్టాలంటే ఎలా? అసలు బల్లపరుపుగా ఉంటే అది కమాను ఎలా అయింది?

గోడల లెక్క
ఇటుకలన్నీ కింద ఒకే బిందువు వైపు వాలి ఒకదాన్నొకటి నొక్కుతాయి కాబట్టి కమానే. అడుగు కూడా నిజంగా బల్లపరుపు కాదు. ప్రతి 12 అంగుళాల వెడల్పుకు అంగుళంలో ఎనిమిదో వంతు చొప్పున నడుమ పైకి లేపుతారు, లేకుంటే కంటికి వేలాడినట్టు కనిపిస్తుంది. మీకు సుమారు 9 మి.మీ. అందులో 8 పోయింది.

కమాను చివర వాలు అడ్డగీతకు 60 డిగ్రీలైతే పైన ఒక్కో పక్క 173 మి.మీ. పెరిగి మొత్తం 1,246 అవుతుంది. ఇటుకల సంఖ్య బేసి ఉండాలి, నడుమ సందు కాదు, ఇటుక రావాలి. 19 పెడితే సందుతో కలిపి ఒక్కోటి పైన 65.6, కింద 47.4 మి.మీ. ఈ లెక్కను ప్లైవుడ్ మీద అసలు కొలతలో గీసుకోండి.

పైగోడకు స్ట్రాంగ్‌బాయ్ ప్రాపులు (సందులో దూర్చే ఇనుప పలక ఉన్న ఊతాలు) పెట్టాక, ఫొటో తీసి, ప్రతి ఇటుక వెనక చాక్‌తో నంబరు వేసి విప్పాలి. పాత సున్నమైతే చేత్తోనే వదులుతుంది. ముందు లింటల్ మార్చండి, రెండు వైపులా 150 మి.మీ. గోడ మీద కూర్చోవాలి. తర్వాత 9 మి.మీ. ఉబ్బు చెక్కిన పలకను జంట చెక్క వెడ్జుల (వాలుగా కోసిన ముక్కల) మీద నిలిపి, రెండు చివరల నుంచీ పేర్చుకుంటూ వచ్చి నడిమి ఇటుక చివర్లో దించాలి. మాలు: జల్లించిన సన్న ఇసుక, సున్నపు ముద్ద సమపాళ్లలో. పైన పగిలిన మామూలు సందులకు ఎన్‌హెచ్‌ఎల్ 3.5 (తడిలోనూ గట్టిపడే సహజ సున్నం రకం) ఒకటికి ఇసుక మూడు, లోతు 25 మి.మీ. 5 డిగ్రీల కంటే చలి ఉంటే పని మొదలుపెట్టొద్దు. తడి గోనె కప్పి ఉంచాలి.

సున్నం పని
ఒక్క హెచ్చరిక: పలకను తొందరపడి తీయొద్దు. 19వ శతాబ్దపు ఇంజినీరు బ్రూనెల్ కట్టిన మెయిడెన్‌హెడ్ రైలు వంతెన మీకు దగ్గరే. ఒక్కో ఇటుక కమాను 128 అడుగులు, పైకి లేచింది 24 అడుగులే. మాలు గట్టిపడకముందే సెంట్రింగ్ (కింద మోసే చెక్క చట్రం) సడలించడంతో తూర్పు కమాను అడుగు వరసలు అర అంగుళం విడిపోయి, మళ్లీ చేయాల్సి వచ్చింది. సున్నం సిమెంట్ కంటే నిదానం, కాబట్టి వారాలు ఆగి, వెడ్జులను కొద్దికొద్దిగా వదలండి.

ఇల్లు లిస్టెడ్ (చట్టరక్షణ ఉన్న చారిత్రక కట్టడం) అయితే దాని స్వభావాన్ని మార్చే పని అనుమతి లేకుండా చేయడం 1990 చట్టం ప్రకారం నేరం. ముందు కౌన్సిల్ కన్జర్వేషన్ ఆఫీసరుకు ఫొటోలతో రాయండి.